తేదీని జరపడం: గుంట పుస్తకం ప్రోగ్రాం, 6వ పాఠం

పోయిన పాఠంలో రొయ్యల గుంటకు ఒక క్లాసు రాసి, అందులో పిల్ల వేసిన (రొయ్య పిల్లలను గుంటలో వదిలిన) తేదీకి లోకల్‌డేట్ (జావాలో ఉత్త తేదీని దాచే క్లాసు) రకం ఫీల్డు పెట్టాం. 3వ గుంటలో 2026 ఫిబ్రవరి 12న పిల్ల వేసినట్టు ఒక ఆబ్జెక్టు కూడా తయారైంది. ఇప్పుడు ఆ తేదీ మీద లెక్కలు చేద్దాం. పట్టిక చూసి వేసే మేత ఏ రోజుతో ఆపాలి, పిల్ల బరువు చూసే శాంప్లింగ్‌కు వల ఏ ఆదివారం విసరాలి, నూరు రోజులు ఎప్పటికి నిండుతాయి, బ్యాంకు కిస్తీ ఏ తేదీకి పడుతుంది. గోడ మీద క్యాలెండరు చూసి వేళ్లు మడిచి చెప్పేసే లెక్కలే ఇవన్నీ. ప్రోగ్రాంలోకి వచ్చేసరికి మాత్రం తప్పులు ఎక్కువగా ఇక్కడే దొర్లుతాయి. వాటిలో సగానికి ఎర్రర్ కూడా రాదు. తప్పు తేదీ చక్కగా అచ్చయి వస్తుంది.

రాత పద్ధతి పాతదే: జావా పేర్లను పలికినట్టు తెలుగులో రాస్తున్నాం. టైపు చేసేటప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాలి. ప్లస్‌డేస్ లాంటి మెథడ్ పేర్లలో మొదటి మాట చిన్న అక్షరంతో, రెండో మాట పెద్ద అక్షరంతో మొదలవుతుంది. వేరియబుల్ పేర్లు తెలుగులోనే ఉంచినా జావా కంపైలర్ ఒప్పుకుంటుంది. పక్క సీటులో పనిచేసేవాళ్లు ఒప్పుకోకపోవచ్చు.

కొత్త తేదీని పట్టుకోండి

ముందు ఈ రెండు లైన్లు నడిపి చూడండి.

పిల్లతేదీ.ప్లస్‌డేస్(100);
ప్రింట్(పిల్లతేదీ);

తెరమీద 2026-02-12 అనే వస్తుంది. నూరు రోజులు ఎటు పోయాయి? ఎటూ పోలేదు. లోకల్‌డేట్ ఆబ్జెక్టు ఒకసారి పుట్టాక మారదు. ప్లస్‌డేస్ పాత తేదీ జోలికి వెళ్లకుండా, నూరు రోజుల తర్వాతి తేదీతో కొత్త ఆబ్జెక్టు చేసి మన చేతికిస్తుంది. మనం చెయ్యి చాపలేదు కాబట్టి అది అలాగే పోయింది. కంపైలర్‌కు ఇది తప్పుగా కనబడదు. మంచి ఎడిటర్ అయితే ఆ లైను కింద పసుపు గీత గీసి, ఫలితాన్ని వాడలేదని గుర్తు చేస్తుంది. ఆ గీతను చూసీ చూడనట్టు వదలకండి. సరైన రాత ఇది:

లోకల్‌డేట్ నూరురోజులు = పిల్లతేదీ.ప్లస్‌డేస్(100);

ఇప్పుడు 2026-05-23 వస్తుంది. చేత్తో సరిచూసుకోండి: ఫిబ్రవరిలో మిగిలినవి 16, మార్చి కలిస్తే 47, ఏప్రిల్ కలిస్తే 77, ఇంకా 23 కావాలి. మే 23.

మారని ఆబ్జెక్టు అంటే మొదట్లో చాదస్తంలా అనిపిస్తుంది. పాత పద్ధతిలో ఏం జరిగేదో చూస్తే ఆ చాదస్తం విలువ తెలుస్తుంది. జావా 8 వచ్చిన 2014 దాకా చాలామంది క్యాలెండర్ అనే క్లాసుతోనే నెట్టుకొచ్చారు. దాని యాడ్ మెథడ్ ఉన్న ఆబ్జెక్టునే మార్చేస్తుంది. గుంట క్లాసు తన క్యాలెండర్‌ను గెటర్ (ఫీల్డును బయటికిచ్చే మెథడ్) ద్వారా ఇచ్చిందనుకోండి. పట్టుబడి రిపోర్టు రాసినవారు దాన్ని తీసుకుని నూరు రోజులు కలిపి అచ్చువేశారు. మొదటిసారి మే 23 అని సరిగ్గానే వచ్చింది. కానీ గుంటలోని అసలు తేదీ కూడా మే 23 అయి కూర్చుంది. రెండోసారి రిపోర్టు తీస్తే ఆగస్టు 31. ఫీల్డును ప్రైవేట్ చేసినా లాభం లేదు, ఎందుకంటే గెటర్ ఇచ్చింది విలువ కాదు, ఆబ్జెక్టు చిరునామా. అందుకే ఆ రోజుల్లో గెటర్‌లో ప్రతిసారీ నకలు తీసి ఇచ్చేవారు. లోకల్‌డేట్‌కు ఆ అవసరం లేదు, ఎవరికిచ్చినా పాడుచేయలేరు.

ఇంకో మాట. పాత క్యాలెండర్‌లో నెలలు సున్నా నుంచి మొదలు. 2 అని ఇస్తే మార్చి అని అర్థం చేసుకుంటుంది. పాత కోడు నుంచి తేదీలు తెచ్చుకునేటప్పుడు ముందుగా చూడాల్సింది ఇదే.

వేరే భాషల్లో పనిచేసేవారికి: పైథాన్ డేట్, సీ షార్ప్ డేట్‌టైమ్ మారనివే. జావాస్క్రిప్ట్ డేట్ మారుతుంది. పీహెచ్‌పీలో డేట్‌టైమ్ మారుతుంది, డేట్‌టైమ్ ఇమ్మ్యూటబుల్ మారదు. కొత్తగా రాస్తుంటే రెండోదే తీసుకోండి.

మొదటి రోజు ఒకటా, సున్నానా

పిల్ల వేసిన దగ్గర్నుంచి ఇవాళ్టికి ఎన్నో రోజో చెప్పేదే డీఓసీ. మొదటి నెల రోజులూ చెక్‌ట్రే (మేత మిగిలిందో లేదో చూసే పళ్లెం) చూడకుండా పట్టిక ప్రకారం మేత వేసే పద్ధతి ఉంది కదా, ఆ పట్టికలో వరసలన్నీ డీఓసీ ప్రకారమే ఉంటాయి. చిక్కల్లా పిల్ల వేసిన రోజును ఏమని లెక్కపెట్టాలన్న దగ్గరే. కొందరు దాన్ని 1వ రోజు అంటారు, కొందరు మర్నాటిని 1వ రోజు అంటారు. మొదటి లెక్కలో 30వ రోజు మార్చి 13, రెండో లెక్కలో మార్చి 14. రెండూ సరైనవే. ఒకే ప్రోగ్రాంలో మేత స్క్రీను ఒక లెక్కలో, శాంప్లింగ్ స్క్రీను ఇంకో లెక్కలో నడిస్తే మాత్రం రైతు రెండూ నమ్మడం మానేస్తాడు.

ఆబ్జెక్టులతో ప్రోగ్రాం రాయడం పనికొచ్చేది సరిగ్గా ఇలాంటి చోటే. ఈ నియమాన్ని గుంట క్లాసులో ఒకే ఒక మెథడ్‌లో పెట్టండి, మిగతా కోడంతా దాన్నే అడగాలి. మనం పిల్ల వేసిన రోజు 1 అనే లెక్క తీసుకుందాం:

డీఓసీ(ఈరోజు) = క్రోనోయూనిట్.డేస్.బిట్వీన్(పిల్లతేదీ, ఈరోజు) + 1
డీఓసీతేదీ(ఎన్) = పిల్లతేదీ.ప్లస్‌డేస్(ఎన్ - 1)

ఈ రెండూ ఒకదానికొకటి తిరుగుడు లెక్కలు. ఒకదాంట్లో 1 కలిపితే రెండోదాంట్లో 1 తీయాలి. డీఓసీతేదీ(30) తీసి, వచ్చిన తేదీని డీఓసీకి ఇస్తే మళ్లీ 30 రావాలి. ఈ పరీక్షను టెస్టుగా రాసిపెట్టుకోండి, రెండు లైన్ల పని. ప్లస్‌డేస్(ఎన్ - 1) అన్న ముక్క క్లాసు బయట ఇంకెక్కడ కనబడినా దాన్ని తీసి ఈ మెథడ్ పెట్టండి. ఈ లెక్కలో నూరో రోజు మే 22. ఇందాక వచ్చిన మే 23 నూరు రోజులు నిండిన మర్నాడు, అంటే డీఓసీ 101.

రోజుల తేడా అనగానే చాలామంది పీరియడ్.బిట్వీన్ వాడి, దాని మీద గెట్‌డేస్ పిలుస్తారు. ఫిబ్రవరి 12కు, మే 23కు మధ్య అలా అడిగితే 11 అని వస్తుంది. 100 కాదు. పీరియడ్ ఆ తేడాను 3 నెలల 11 రోజులుగా విడగొట్టి దాచుకుంటుంది, గెట్‌డేస్ చివరి ముక్కను మాత్రమే ఇస్తుంది. పిల్ల వేసిన మొదటి నెలలో ఈ తప్పు బయటపడదు, అప్పుడు నెలల భాగం సున్నా కాబట్టి. టెస్టులు కూడా పదిరోజులు, ఇరవైరోజులు పెట్టి రాస్తే పాసైపోతాయి. మొత్తం రోజులు కావాలంటే క్రోనోయూనిట్.డేస్, ప్రోనోటు వడ్డీ లెక్కలాగా ఇన్ని నెలలు ఇన్ని రోజులు అని కావాలంటే పీరియడ్.

నెల అంటే ఇన్ని రోజులని లేదు

రోజుల కూడికలో తిప్పలు లేవు. నెలల కూడికతోనే అసలు తంటా. 2026 జనవరి 31న కిస్తీ మొదలైందనుకుందాం, నెలనెలా కట్టాలి. ఫిబ్రవరికి 31 లేదు. ప్రోగ్రాం ఏం చేయాలి?

దీనికి ఒక్కో భాష ఒక్కో సమాధానం ఎంచుకుంది. జావా ప్లస్‌మంత్స్(1), సీ షార్ప్ యాడ్‌మంత్స్(1) ఆ నెలలో ఉన్న చివరి రోజుకు తగ్గించి ఫిబ్రవరి 28 ఇస్తాయి. పీహెచ్‌పీలో ప్లస్ వన్ మంత్ అంటే ముందు ఫిబ్రవరి 31 అనుకుని, మిగిలిన మూడు రోజులను అవతలికి తోసి మార్చి 3 ఇస్తుంది. జావాస్క్రిప్ట్ సెట్‌మంత్ కూడా అంతే, మార్చి 3. పైథాన్‌లో టైమ్‌డెల్టాకు నెల అనే మాటే లేదు. రీప్లేస్‌తో నెల మార్చబోతే వాల్యూఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. తగ్గించడం, అవతలికి తోయడం, ఆగిపోవడం అనే ఈ మూడు పద్ధతుల్లో ఆగిపోయేదే మర్యాదస్తురాలు. మార్చి 3 ఇచ్చేది అన్నిటికన్నా ప్రమాదం, ఫిబ్రవరి కిస్తీ మొత్తానికే మాయమై మార్చిలో రెండు పడతాయి.

జావా పద్ధతి మెరుగే కానీ దానిలోనూ ఒక గుంత ఉంది. పన్నెండు కిస్తీల పట్టిక కావాలని లూపు రాసి, ప్రతి తిప్పులో తేదీ = తేదీ.ప్లస్‌మంత్స్(1) అంటే వచ్చేది ఇది: జనవరి 31, ఫిబ్రవరి 28, మార్చి 28, ఏప్రిల్ 28. ఫిబ్రవరిలో 28కి తగ్గిన తేదీకి తాను ఒకప్పుడు 31 అన్న జ్ఞాపకం లేదు. ఇక ఎప్పటికీ 28 మీదే ఉంటుంది. నెల చివరి కిస్తీ మూడు రోజులు ముందుకు జరిగిపోయింది, ఎక్కడా ఎర్రర్ లేదు.

మందు సులువు. మొదటి తేదీని ముట్టుకోకుండా పక్కన పెట్టుకుని, ప్రతిసారీ దాన్నుంచే లెక్కపెట్టండి:

కిస్తీ(ఐ) = మొదటితేదీ.ప్లస్‌మంత్స్(ఐ)

ఐ విలువ 0 నుంచి 4 దాకా వేస్తే జనవరి 31, ఫిబ్రవరి 28, మార్చి 31, ఏప్రిల్ 30, మే 31. ఈ పాఠంలో ఒక్కటే గుర్తుంచుకుంటానంటే ఈ లైనే గుర్తుంచుకోండి. జరిపిన తేదీని మళ్లీ జరపొద్దు, మూలం నుంచి జరపాలి.

నెలల కూడిక మామూలు కూడికలా నడవదనడానికి ఇంకో రుజువు. జనవరి 30కి ముందు నెల, తర్వాత రోజు కలపండి: ఫిబ్రవరి 28, మార్చి 1. వరస మార్చి ముందు రోజు, తర్వాత నెల కలపండి: జనవరి 31, ఫిబ్రవరి 28. ఫలితం వేరు. పీరియడ్‌ను నేరుగా కలిపితే జావా నెలలు ముందు, రోజులు తర్వాత కలుపుతుంది. అలాగే నెల కలిపి నెల తీస్తే మొదటికి రావాలన్న నియమం కూడా లేదు: జనవరి 31 వెళ్లి జనవరి 28గా తిరిగొస్తుంది.

విత్ మెథడ్లు, సవరించే చేతులు

ప్లస్, మైనస్ అంటే ఇంత దూరం జరుపు అని. విత్ అంటే ఈ భాగాన్ని ఇలా పెట్టు అని. విత్‌డేఆఫ్‌మంత్(1) నెల మొదటికి తెస్తుంది. ఇక్కడ ఒక తిరకాసు ఉంది: జనవరి 31 మీద విత్‌మంత్(2) అంటే జావా గొణక్కుండా ఫిబ్రవరి 28 ఇస్తుంది. ఏప్రిల్ తేదీ మీద విత్‌డేఆఫ్‌మంత్(31) అంటే మాత్రం డేట్‌టైమ్‌ఎక్సెప్షన్ విసురుతుంది. నెల మార్చమంటే రోజును తనే సర్దుతుంది, రోజును పెట్టమంటే సర్దదు. నెల చివరి తేదీ కావాలనుకుని 31, 30, 28 అంటూ ఇఫ్‌లు పేర్చకండి. టెంపోరల్‌అడ్జస్టర్స్ అనే క్లాసులో లాస్ట్‌డేఆఫ్‌మంత్ సిద్ధంగా ఉంది:

తేదీ.విత్(టెంపోరల్‌అడ్జస్టర్స్.లాస్ట్‌డేఆఫ్‌మంత్())

మన గుంటకు పనికొచ్చేది నెక్స్ట్‌ఆర్‌సేమ్. పట్టిక మేత 30వ రోజుతో ఆగుతుంది, ఆ తర్వాత వచ్చే మొదటి ఆదివారం వల విసిరి, పిల్ల బరువు చూడాలి. 31వ రోజు మార్చి 14, శనివారం. దానిమీద నెక్స్ట్‌ఆర్‌సేమ్(సండే) అంటే మార్చి 15. నెక్స్ట్(సండే) అన్నా ఇక్కడ అదే వస్తుంది కాబట్టి రెండూ ఒకటే అనిపిస్తుంది. 31వ రోజే ఆదివారమైన గుంటకు నెక్స్ట్ వాడితే శాంప్లింగ్ ఒక వారం వెనక్కు పోతుంది. ఆ వారంలో మేత ఎక్కువైందో తక్కువైందో తెలిసే దారి ఉండదు. ఆర్‌సేమ్ అన్న రెండు ముక్కల విలువ అది.

నెలలో రెండో ఆదివారం అనే లెక్క చీటీ పాటలకు కావాలి. 2026 ఫిబ్రవరిలో రెండో ఆదివారం 8వ తేదీ. వచ్చే నెల పాటకు ప్లస్‌మంత్స్(1) వేస్తే మార్చి 8. అదీ ఆదివారమే! ఫిబ్రవరికి సరిగ్గా నాలుగు వారాలు కాబట్టి కలిసొచ్చింది. ఇది చూసి కోడు సరైందని నమ్మితే ఏప్రిల్ 8న బుధవారం నాడు పాట అని మెసేజీలు పోతాయి. అసలు తేదీ ఏప్రిల్ 12. సరైన రాత: నెల కలపండి, తర్వాత విత్‌లో డేఆఫ్‌వీక్‌ఇన్‌మంత్(2, సండే) ఇవ్వండి. ఇదే మెథడ్‌కు 5 ఇచ్చి, ఆ నెలలో అయిదో ఆదివారం లేకపోతే చప్పుడు లేకుండా తర్వాతి నెలకు పోతుంది. 2026 ఫిబ్రవరికి అడిగితే మార్చి 1 ఇస్తుంది. నెలలో చివరి ఆదివారం కావాలంటే లాస్ట్‌ఇన్‌మంత్ వాడండి, అది ఫిబ్రవరి 22 అని సరిగ్గా చెబుతుంది.

సిద్ధంగా ఉన్నవాటితో సరిపోనప్పుడు మనమే ఒకటి రాసుకోవచ్చు. టెంపోరల్‌అడ్జస్టర్ అంటే ఒకే మెథడ్ ఉన్న ఇంటర్‌ఫేసు, కాబట్టి లాంబ్డాతో (పేరు లేకుండా అక్కడికక్కడే రాసే చిన్న మెథడ్‌తో) పని జరుగుతుంది. బ్యాంకులకు ఆదివారాలు, రెండో శనివారం, నాలుగో శనివారం సెలవు. కిస్తీ తేదీ వాటిమీద పడితే తర్వాతి పనిదినానికి జరపాలి. శనివారం తేదీ 8 నుంచి 14 మధ్య ఉంటే అది రెండోది, 22 నుంచి 28 మధ్య ఉంటే నాలుగోది. సెలవా కాదా చెప్పే మెథడ్ ఈ నియమంతో రాయండి. అడ్జస్టర్ లోపల ఇఫ్ కాకుండా వైల్ పెట్టండి: సెలవుగా ఉన్నంతసేపూ ఒక రోజు కలుపుతూ పోవాలి. ఇఫ్ అయితే శనివారాన్ని ఆదివారం మీదికి జరిపి చేతులు దులుపుకుంటుంది.

మన కిస్తీతో పరీక్షించండి. జనవరి 31 శనివారమే కానీ అయిదోది, బ్యాంకు ఉంటుంది, జరగదు. ఫిబ్రవరి 28 నాలుగో శనివారం. మార్చి 1 ఆదివారం. కిస్తీ మార్చి 2, సోమవారానికి చేరాలి. ఇప్పుడు ఇందాకటి సూత్రం మళ్లీ పనికొస్తుంది: మార్చి కిస్తీని ఈ మార్చి 2 నుంచి లెక్కపెడితే ఏప్రిల్ 2 వస్తుంది, అసలు రావాల్సింది మార్చి 31. సర్దిన తేదీ చూపించడానికి మాత్రమే. లెక్కకు మూలం జనవరి 31.

పండగ సెలవులను లెక్కకట్టి రాబట్టాలని చూడకండి. ఉగాదికి ప్లస్‌ఇయర్స్(1) పనిచేయదని అందరికీ తెలుసు. నెల్లూరు బారా షహీద్ దర్గా దగ్గర రొట్టెల పండగ మొహర్రం నెలలో వస్తుంది కాబట్టి హిజ్రాడేట్ క్లాసుతో పట్టేయొచ్చనిపిస్తుంది. జావాలోని ఆ క్లాసు సౌదీ వాళ్ల ఉమ్మ్ అల్ ఖురా క్యాలెండరు ప్రకారం నడుస్తుంది, మన దగ్గర నెల మొదలయ్యేది నెలవంక కనబడ్డాక. ఒకరోజు తేడా రావచ్చు. ఏటా ప్రకటించే సెలవులను ఒక పట్టికలో నింపి, సెలవు మెథడ్ ఆ పట్టికను కూడా చూసేలా చేయడమే పద్ధతి.

అర్ధరాత్రి దాటే గంటలు

ఏరియేటర్లు (గుంట నీళ్లలో గాలి కలిపే మోటార్లు) రాత్రి 9:45కు వేసి తెల్లవారి 5:30కు ఆపారు. ఎన్ని గంటలు నడిచాయి? రెండింటినీ లోకల్‌టైమ్‌గా తీసుకుని డ్యురేషన్.బిట్వీన్ అడిగితే మైనస్ 16 గంటల 15 నిమిషాలు వస్తుంది. లోకల్‌టైమ్‌కు రోజు తెలియదు, గోడ గడియారం లాంటిది. దానికి 21:45 మీద ప్లస్‌అవర్స్(8) అన్నా 05:45 అని తిరిగొస్తుందే తప్ప, రోజు మారిందన్న కబురు ఇవ్వదు.

అందుకే లోకల్‌డేట్‌టైమ్ వాడాలి. మార్చి 13, 21:45 నుంచి మార్చి 14, 05:30 దాకా 7 గంటల 45 నిమిషాలు. స్క్రీనులో రైతును రెండు తేదీలు అడగడం ఇబ్బందనుకుంటే, ఆపిన వేళ వేసిన వేళకన్నా ముందుంటే దానికి ప్లస్‌డేస్(1) చేయండి. రెండూ ఒకటే అయితే సున్నా గంటలా, ఇరవై నాలుగా? ప్రోగ్రాంకు తెలిసే దారి లేదు, అప్పుడు మాత్రం అడగాల్సిందే.

డ్యురేషన్ చేతికొచ్చాక టూఅవర్స్ పిలిస్తే 7 వస్తుంది, 45 నిమిషాలు కత్తిరించి పారేస్తుంది. రెండు హార్స్‌పవర్ ఏరియేటర్లు నాలుగు పూర్తి లోడు మీద దాదాపు 6 కిలోవాట్లు తింటాయి. 7 గంటలకు 42 యూనిట్లు, 7.75 గంటలకు 46 యూనిట్ల పైన. రాత్రికి నాలుగున్నర యూనిట్లు పుస్తకంలోంచి జారిపోతాయి. టూమినిట్స్ తీసుకోండి, 465 వస్తుంది, దాన్ని 60.0తో భాగించండి. ఉత్త 60 పెడితే పూర్ణాంకాల భాగహారమై మళ్లీ 7 దగ్గరికే వస్తారు.

డ్యురేషన్‌ను లోకల్‌డేట్‌కు కలపబోతే అన్‌సపోర్టెడ్‌టెంపోరల్‌టైప్‌ఎక్సెప్షన్ వస్తుంది. తేదీలో సెకన్లు లేవు కదా. తేదీకి పీరియడ్, గడియారానికి డ్యురేషన్.

ఎక్కడి గడియారం

తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది కాబట్టి ఆ వేళ మీటరు పెట్టి చూస్తారు. మార్చి 14, తెల్లవారి 3:40కి కాపలా మనిషి ఫోనులో రీడింగు కొట్టాడు. సర్వరు గడియారం యూటీసీ (ప్రపంచ ప్రామాణిక కాలం, మనకన్నా అయిదున్నర గంటలు వెనక) మీద ఉంది, అక్కడ ఇంకా మార్చి 13, రాత్రి 10:10. కోడులో లోకల్‌డేట్.నౌ() అని ఉంటే ఆ రీడింగు నిన్నటి పేజీలో పడుతుంది. పొద్దున 5:30 దాటాక కొట్టేవన్నీ సరైన తేదీలోనే పడతాయి. ఆఫీసు వేళల్లో ఎంత పరీక్షించినా ఇది దొరకదు.

దీనికి కొందరు చేసే వైద్యం, వచ్చిన వేళకు ప్లస్‌అవర్స్(5), ప్లస్‌మినిట్స్(30) అంటించడం. సర్వరును ఎవరైనా భారత కాలానికి మార్చిన రోజున అది రెండుసార్లు కలుస్తుంది. సరైనది జోన్ పేరు చెప్పడమే:

లోకల్‌డేట్.నౌ(జోన్‌ఐడీ.ఆఫ్("ఏషియా/కోల్‌కతా"))

భద్రపరిచేటప్పుడు ఇన్‌స్టంట్‌గా దాచండి, చూపించేటప్పుడు ఎట్‌జోన్‌తో మన వేళకు తెచ్చుకోండి. జోన్ అనేది ఎండ లెక్క కాదు, ప్రభుత్వం పెట్టిన లెక్క. నెల్లూరు సుమారు 80 డిగ్రీల రేఖాంశం మీద ఉంది, మన కాలానికి ఆధారం 82.5 డిగ్రీలు. అంటే నెల్లూరు ఎండ మన చేతి గడియారం కన్నా పది నిమిషాలు వెనక. రెండో ప్రపంచ యుద్ధం నాడు 1942 సెప్టెంబరు నుంచి 1945 అక్టోబరు దాకా దేశమంతా గడియారాలు గంట ముందుకు జరిపారు కూడా. జోన్ పేరు ఇస్తే ఆ చరిత్ర కూడా లెక్కలోకి వస్తుంది, 5:30 అని అంకె ఇస్తే రాదు.

ఇప్పుడు మనకు గడియారం మార్పులు లేవు. రొయ్య కొనే అమెరికా వాళ్లకు ఉన్నాయి. న్యూయార్క్ కొనుగోలుదారుతో శుక్రవారం మార్చి 6న వాళ్ల ఉదయం 9కి ఫోను. మళ్లీ సోమవారం అదే వేళకు. జోన్డ్‌డేట్‌టైమ్ మీద ప్లస్‌డేస్(3) అంటే మార్చి 9, ఉదయం 9. ప్లస్‌అవర్స్(72) అంటే ఉదయం 10. మధ్యలో ఆదివారం మార్చి 8న వాళ్ల గడియారం గంట ముందుకు దూకింది. మనవైపు చూస్తే శుక్రవారం రాత్రి 7:30కు వచ్చిన ఫోను సోమవారం 6:30కే వస్తుంది. మనుషులు పెట్టుకున్న వేళకు రోజులు కలపండి, మోటారు నడిచిన కాలానికి గంటలు కలపండి.

అభ్యాసాలు

ఒకటి. 2024 ఫిబ్రవరి 29న రాసిన ప్రోనోటుకు ప్లస్‌ఇయర్స్(3) చేసి, గడువుకు 60 రోజుల ముందు గుర్తుచేసే తేదీ రాబట్టండి. మూడేళ్లకు 2027 ఫిబ్రవరి 28, గుర్తుచేసే తేదీ 2026 డిసెంబరు 30 రావాలి. తర్వాత అదే తేదీకి ప్లస్‌ఇయర్స్(4) ఒకేసారి, ప్లస్‌ఇయర్స్(1) నాలుగుసార్లు చేసి పోల్చండి. ఒకటి 29, ఇంకొకటి 28 వస్తే మీ కోడు సరిగ్గానే ఉంది. ఎందుకు తేడా వచ్చిందో కిస్తీల భాగంలో ఉంది.

రెండు. పిల్లతేదీని 2026 ఫిబ్రవరి 13కు మార్చి, 31వ రోజు మీద శాంప్లింగ్ ఆదివారాన్ని నెక్స్ట్‌తో ఒకసారి, నెక్స్ట్‌ఆర్‌సేమ్‌తో ఒకసారి తీయండి. మార్చి 22, మార్చి 15 రావాలి.

మూడు. బ్యాంకు అడ్జస్టర్‌కు వెనక్కి జరిపే రకం కూడా రాయండి: సెలవైతే ముందటి పనిదినానికి. ఫిబ్రవరి 28 ఇస్తే ఫిబ్రవరి 27, మార్చి 15 ఇస్తే మార్చి 13 రావాలి. మార్చి 14 వస్తే వైల్ బదులు ఇఫ్ పెట్టారన్నమాట.

7వ పాఠంలో రైతు 12-2-26 అని, 12/02/2026 అని, ఉత్త 12 అని కొట్టిన తేదీలను చదవడం.